కాళ్ళు అంచుకు, తలకాయలు తొట్టికి

మా అత్త పోయిందన్న కబురు నాకు పెనుకొండ స్టేషన్ బయట అందింది. అత్త అంటే మా ఆయనను కన్న తల్లి. ధర్మవరంలో పొద్దుటి ప్యాసింజర్ ఎక్కి, పెనుకొండలో దిగి, అక్కడి నుంచి ఆటోలో నేను పనిచేసే పల్లెబడికి పోతాను. ఆ రోజు ఆటోలో ఒక కాలు పెట్టానో లేదో ఫోన్ మోగింది. "అమ్మ పోయింది" అన్నాడు మా ఆయన. ఎక్కడికని అడగబోయి, ఆయన ఊపిరి విని ఆగిపోయాను. "నువ్వు ఎనక్కి రా" అన్నాడు. "సరే, బడికి పోయి అటెండెన్స్ వేసుకోని వచ్చేస్తా" అన్నాను.

ఆ మాట అన్నది నేనే. ఫోన్‌కు ముఖం చూపించి హాజరు వేయకపోతే ఆ రోజు సెలవు కింద పోతుందన్న ఆలోచన నా తలలో చక్కగా పనిచేస్తోంది. మా ఆయన ఫోన్ పెట్టేశాడు. ఆటో అబ్బాయి నా ముఖం చూసి "ఏమైందక్కా?" అని అడిగాడు. చెప్పాను. అతనే ఆటో తిప్పి నన్ను బస్టాండులో దించాడు. ధర్మవరం బస్సులో కిటికీ పక్కన కూర్చుని, పొద్దున కాచకుండా వదిలేసిన పాలు విరిగిపోయి ఉంటాయేమో అని ఊరు వచ్చేదాకా ఆలోచించాను.

పొద్దున అత్త కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, గోడకు ఆనుకుందట. అంతే. మా ఆయన మగ్గం మీది నుంచి ఏదో అడిగితే పలకలేదు. నేను చేరేసరికి ఇంటి నిండా జనం. ఆడవాళ్ళు ఆమెకు నీళ్ళు పోయడానికి కొప్పు విప్పారు. అందులోంచి ఒక పెన్సిలు జారి బండ మీద పడింది. "ఇదేందిమ్మే, పెన్సిలు?" అని ఎదురింటామె దాన్ని తీసి నా చేతికిచ్చింది. నేను హ్యాండ్‌బ్యాగులో వేసి జిప్పు మూశాను.

నాకు ఏడుపు రాలేదు. కోడలు ఏడ్చిందా లేదా అన్నది మా వీధిలో చిన్న విషయం కాదు. వచ్చినవాళ్ళంతా ముందు ఆమెను చూసి, తర్వాత నన్ను చూశారు. "టీచరమ్మ కద, గట్టి గుండె" అని ఒకామె మెచ్చుకున్నట్టే అంది. ఇంకొకామె మెచ్చుకోలేదు. దినాలు ముగిసేదాకా వంటవాళ్ళకు సరుకులు అందించాను, బంధువులకు పడకలు చూశాను, ఎవరికి చక్కెర లేని కాఫీయో గుర్తుపెట్టుకున్నాను. లోపల మాత్రం సూది మందు వేసిన పంటి చిగురులాగా ఉండింది, నొక్కినా తెలియలేదు. ఇప్పటికీ అలాగే ఉంది. ఆమె గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. రాస్తే కొంచెమైనా కదులుతుందేమోనని రాస్తున్నాను.

ఆమెది ముదిగుబ్బ పక్కన పల్లె. పెళ్ళయి ధర్మవరం వచ్చిన నాటి నుంచి పట్టుదారం కండెలకు, అంటే మగ్గంలో పెట్టే చిన్న గొట్టాలకు, చుట్టింది. మగ్గం మీద కూర్చున్నవాళ్ళు చీర నేస్తారు, కండె చుట్టినవాళ్ళ పేరు ఎవరూ చెప్పరు. ఆ సంగతి ఆమె పట్టించుకోలేదు. కుడి భుజం పట్టేసి, డాక్టరు రాట్నం తిప్పొద్దన్నప్పుడు మాత్రం పట్టించుకుంది. పని లేకుండా కూర్చోవడం ఆమెకు చేతకాలేదు. కుక్కర్ ఎన్ని కూతలు వేయాలో దానితోనే గొడవ పడేది. టీవీ సీరియల్లో అత్తలకు సలహాలు చెప్పేది. "ఆ కోడలి మాట ఇనొద్దే, నీ కొంప ముంచుతాది" అని, నా వైపు తిరిగి, "నిన్ను గాదులే" అనేది.

అలాంటి రోజుల్లో ఒక ఆదివారం నేను వరండాలో కాగితాలు ముందేసుకుని తిప్పలు పడుతున్నాను. బడిలో చిన్నపిల్లల చేతులతోనే చిట్టి పుస్తకాలు చేయించమని శిక్షణలో చెప్పారు. ఒక కాగితాన్ని మడతలు పెడితే ఎనిమిది గళ్ళు వస్తాయి, పైన నాలుగు, కింద నాలుగు. నడిమధ్యన ఒక గాటు కోసి, కాగితాన్ని పొడుగునా సగానికి మడిచి, రెండు కొసలూ లోపలికి నెడితే అరచేతిలో పట్టే పుస్తకం అవుతుంది. కుట్టు లేదు, జిగురు లేదు. నేను ఎనిమిది గళ్ళలో ఎనిమిది మేకలు గీసి మడిచాను. సగం మేకలు తలకిందులుగా వచ్చాయి.

ఆమె కళ్ళద్దాలు సర్దుకుని చూసింది. ఆ కళ్ళద్దాల ఒక కాడ విరిగితే పట్టుదారంతో కట్టుకుంది, కొత్తవి కొనిస్తామన్నా వినలేదు. "నీ మేకలు సర్కస్‌లో చేరినాయి గదమ్మే" అని నవ్వి, తానూ ఒక కాగితం తీసుకుంది. ఆమె కోళ్ళూ తలకిందులే అయ్యాయి. ఇద్దరం కలిసి చాలా కాగితాలు పాడుచేశాం. చివరికి కాగితాన్ని విప్పి పరిచి, చేత్తో నిమిరి, చీరను చూసినట్టు చూసింది.

"చీరకు రెండంచులు ఉంటాయి కద. ఈ అంచు బొమ్మలు ఈ అంచు మీద నిలబడతాయి, ఆ అంచువి ఆ అంచు మీద. కాళ్ళన్నీ అంచుకు పెట్టి సూద్దాం" అంది. పెట్టాం. కింది వరసలో మేకలు మామూలుగా, పై వరసలో తలకిందులుగా గీశాం. మడిస్తే ఎనిమిదీ చక్కగా నిలబడ్డాయి. మళ్ళీ విప్పి చూసుకుంటే, రెండు వరసల తలలూ మధ్యలో కోసిన గాటు వైపు వంగి ఉన్నాయి. ఆమె ఆ గాటు మీద వేలు పెట్టి, "ఇదేందో తెల్సునా? తొట్టి. మా ఊర్లో గొర్రెలు ఇట్లనే రెండు పక్కలా నిలబడి నీళ్ళు తాగుతాయి" అంది.

ఆ రోజు నుంచి అదే మాట. కాళ్ళు అంచుకు, తలకాయలు తొట్టికి. ఫోన్లో బంధువులకు కూడా ఇదే చెప్పేది, వాళ్ళకు ఏమీ అర్థం కాకపోయినా.

తర్వాత శనివారం నాతో బడికి వచ్చింది. శనివారాలు మా బడిలో పిల్లలకు పుస్తకాల సంచీ ఉండదు. నేనొక్కదాన్నే టీచరు, పిల్లలు పదిమంది లోపే. ఆమె వాళ్ళ మధ్య చాప మీద కూర్చుని, కొప్పులోంచి పెన్సిలు తీసి, "మేక అంటే ఏంది? ఒక గుడ్డు, దాని ముందర చిన్న గుడ్డు, కింద నాలుగు పుల్లలు, గడ్డం. అయిపాయ" అంది. గొర్రెకు గుడ్డు చుట్టూ మెలికలు. కప్పకు గుడ్డు మీద రెండు కళ్ళు. ఆమె కుక్కా, నక్కా ఒకే మాదిరి ఉండేవి. అది ఏదో పిల్లలు చెప్పాలి, ఎవరు ఏది చెబితే అదే ఒప్పుకునేది. కాలి గిట్టలు ఆమెకు ఎప్పటికీ రాలేదు. "రాకపోతే గడ్డిలో దాచిపెట్టండి" అనేది. ఆమె జంతువులన్నీ మోకాళ్ళ దాకా గడ్డిలోనే బతికాయి. మా సీమలో అంత గడ్డి ఎక్కడుందని నేను అడిగితే, "కాగితం మీదన్నా ఉండనీమ్మే" అంది.

ఒక పాప మరచిపోయి పై వరసలో మేకను తన వైపు నిలబెట్టి గీసింది. మడిచాక అది తలకిందులైంది. పాప ఏడుపు ముఖం పెట్టింది. ఈమె కాగితం విప్పి, కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చి చూసింది. "నీ మేక కాళ్ళు తొట్టిలో పెట్టింది సూడు. మిగతావన్నీ తాగాల్సిన నీళ్ళు బురద చేస్తాంది. దాన్ని తోలు" అంది. పాప "హేయ్, హేయ్" అని మేకను అదిలించి, కొత్త కాగితం తీసుకుంది. తప్పు అనే మాట ఆమె నోట నేను వినలేదు. నాకు ఆ మాట ఎర్రసిరాతో సహా అలవాటు.

నెమలీ హంసా మాత్రం గీసేది కాదు. పిల్లలు అడిగితే, "బతుకంతా ఇంట్లో అవే కద. అంచులో నెమిలి, కొంగులో నెమిలి. ఇంగ సాలు. ఒక తొండను గీద్దాం రా" అనేది. ధర్మవరం చీరల ఇంట్లో తొండకు అంత మర్యాద దొరకడం అదే మొదలు.

కాగితాల కోసం ఆమె పడే ఆశ చూస్తే నవ్వొచ్చేది. ఒకవైపు ఖాళీగా ఉన్న కాగితం కంటపడితే వదిలేది కాదు. పాత డిజైన్ గ్రాఫులు, చీర పెట్టెల్లో వేసే తెల్ల అట్టలు, మందుల షాపు కరపత్రాలు, అన్నీ ఆమె మంచం కింద చేరేవి. హిందూపురంలో మా అమ్మ వాళ్ళింటికి పోయినప్పుడు గోడకున్న క్యాలెండర్‌లో అయిపోయిన నెలలన్నీ చింపుకొచ్చింది. మా అమ్మ "దుడ్లు ఇస్తే అంగట్లో కొత్త కాగితాలే వస్తాయి కదా వదినా" అంటే, "మీ హిందూపురమోళ్ళకు అన్నీ దుడ్లతోనే పని" అని వెక్కిరించింది. ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు. తిరుగు రైల్లో ఆ నెలలన్నీ ఒళ్ళో పెట్టుకుని ఖాళీ కండెతో మడతలు రుద్దుతూనే ఉంది. మడత పదునుగా పడాలంటే గోరు చాలదట, కండె కావాలట.

పిల్లలు ఏనుగు అడగడం మొదలుపెట్టారు. ఏ శనివారం వచ్చినా "అవ్వా, ఏనుగు". "ఏనుగు నాకు రాదప్పా" అని ఒప్పుకుంది. "మగ్గం మీద ఐతే తూట్లు పొడిచిన డిజైను అట్టలే సూసుకుంటాయి. ఆ తూట్ల ప్రకారం దారం లేస్తాది, ఏనుగు వస్తాది. చేత్తో అంటే యాడ వస్తాది? నేర్చుకోని వస్తా." పిల్లలు దాన్ని మాట కింద పట్టుకున్నారు. ఆమె కూడా అలాగే పట్టుకుంది. ఇంట్లో ఎన్ని ఏనుగులు గీసి చింపిందో. ఒకటి పంది అయింది, ఒకటి తొండమున్న గేదె అయింది. మా ఆయన ఒకదాన్ని చూసి "ఇది బాగుండాది, ఆటోనా?" అన్నాడు. ఆమె రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

చివరి సాయంత్రం నేను బియ్యం ఏరుతుంటే పక్కన వచ్చి కూర్చుంది. "ఏమ్మే, దొరికింది" అంది. ఏమి దొరికిందని అడిగాను.

"ఏనుగును ఒక పేజీలో కూర్చుండబెట్టాలని సూస్తాండాము. అంత పెద్దది యాడ పడతాది? అందుకే రాలేదు. ఎనిమిదింటికీ పరుద్దాం. ముందట్ట మీద తొండం. ఎనకట్ట మీద తోక. మధ్యలో అంతా పొట్టే."

"పొట్టలో ఏముంటుంది?"

"ఏం తినిందో అది. పిల్లోళ్ళనే గీసుకోనీ."

చాటలోని బియ్యం మీద వేలితో గీసి చూపించింది. చుట్టూ తిరిగి వచ్చిన ఏనుగు, తొండం కొస తోక కొసకు తగులుతూ. నేను ఆ బియ్యమే ఎసట్లో పోశాను. మరుసటి పొద్దున నేను గడప దాటుతుంటే కాఫీ గ్లాసు పట్టుకుని, "పెద్ద చార్టు కాగితం తీసుకురామ్మే, ఏనుగుకు చిన్నది సాలదు" అంది. నాతో మాట్లాడిన చివరి మాట అది. నేను సరేనని కూడా అన్నానో లేదో గుర్తులేదు. రైలు టైమైంది.

సెలవు ముగిసి బడికి పోయిన మొదటి రోజు పిల్లలు గేటు దగ్గరే పట్టుకున్నారు. "అవ్వ ఎప్పుడొస్తాది మేడం? ఏనుగు నేర్చుకుందా?" నా నోరు దానంతట అదే "అవ్వ హిందూపురం పోయింది, మా అమ్మ వాళ్ళింటికి" అంది. అబద్ధం చెబుతున్నానని కూడా అనిపించలేదు. ఆమె హిందూపురంలో క్యాలెండర్ చింపుతూ ఉందని ఒక్క క్షణం నేనే నమ్మాను. శనివారం వచ్చింది. పిల్లలకు ఆటలు ఆడించాను. కాగితాలు బయటికి తీయలేదు.

కొన్ని రోజులకు పిల్లలు అడగడం మానేశారు. చిన్నపిల్లలు, అప్పుడే మరిచిపోయారు అనుకున్నాను. మరిచిపోవాల్సిందే కదా, వాళ్ళకు ఆమె ఎవరు? శనివారాలు వచ్చిపోయే ఒక అవ్వ. అలా నాకు నేను చెప్పుకున్నా వాళ్ళ మీద కోపం వచ్చింది. ఆమె పోయాక నాకు తెలిసిన మొదటి భావం అదే, ఆరేడేళ్ళ పిల్లల మీద కోపం. ఆమె ఇస్తానన్న ఏనుగు ఒక్క నా తలలోనే ఉంది. నేను నోరు విప్పకపోతే అక్కడే ఉండిపోతుంది. నాకు గుడ్డు కూడా గుండ్రంగా రాదు. నేను గీస్తే అది ఆమె ఏనుగు కాదు, గీయకపోతే ఏ ఏనుగూ లేదు. రోజూ రైల్లో ఇదే ఆలోచన.

మొన్న శనివారం పెనుకొండలో దిగి, అంగట్లో తెల్ల చార్టు ఒకటి కొన్నాను. బడిలో చాప మీద పరిచి, ఎనిమిది గళ్ళు వచ్చేలా మడతలు వేసి, ఆమె కండెతో రుద్దాను. పిల్లలు చుట్టూ మూగారు. ముందు నిజం చెప్పాలి, తర్వాతే ఏనుగు అని రైల్లోనే నిర్ణయించుకున్నాను. "అవ్వ..." అన్నాను. కండెతో అదే మడతను మళ్ళీ రుద్దాను.

మేకను అదిలించిన ఆ పాపే నా చీర కొంగు పట్టుకుంది. "మాకు తెల్సు మేడం. అవ్వ చచ్చిపోయింది కద. వంట ఆయమ్మ చెప్పింది."

"ఎప్పుడు చెప్పింది?"

"శానా రోజులాయ. మీ కాడ అడగొద్దండి, మేడం ఏడుస్తాది అనింది. అందుకే అడగలే."

పిల్లలంతా నా ముఖం చూస్తున్నారు, ఇప్పుడు ఏడుస్తుందా అని. మా వీధి ఆడవాళ్ళు చూసిన చూపు కాదది. వీళ్ళు భయపడుతున్నారు. ఇన్నాళ్ళూ వీళ్ళు నన్ను కాపాడుతూ వచ్చారు, నేను వాళ్ళ మీద కోపం పెట్టుకున్నాను. "ఏడవనులే" అన్నాను. నిజమే చెప్పాను. "అవ్వకు ఏనుగు దొరికింది. నాకు చెప్పి పోయింది. గీద్దామా?"

తొండం ముందట్ట మీద, తోక వెనకట్ట మీద, మధ్యలో అంతా పొట్ట అని చెప్పాను. ఎలా గీయించాలో తెలియక నిలబడి ఉంటే, వాళ్ళే చార్టుకు అటు నలుగురు ఇటు నలుగురు కూర్చున్నారు. ఒక్కొక్కరి ముందు ఒక్కో పేజీ. ఎవరి అంచు వాళ్ళ మోకాళ్ళ దగ్గర. ఎవరూ తలకిందులుగా గీయాల్సిన పని లేదు. ఈ కిటుకు ఆమెకు తోచలేదు, నాకూ తోచలేదు. ఆమె ఉంటే ఎంత సంబరపడేదో, దారిన పోయేవాళ్ళను కూడా పిలిచి చెప్పేది.

తొండం గీసేవాడు, తోక గీసే పాప పక్కపక్కనే పడ్డారు. తొండం తన పేజీలోకి వస్తోందని పాప, తోక తన ముక్కుకు తగులుతోందని వాడు కొట్లాడుకున్నారు. పొట్టలోకి చెరుకు గడలు వచ్చాయి, వేరుశనక్కాయలు వచ్చాయి, ఒక ఎర్రబస్సు వచ్చింది. ప్రతి ఒక్కరూ తమ పేజీలో రెండేసి కాళ్ళు గీయడంతో ఏనుగుకు పదహారు కాళ్ళు అయ్యాయి. ఎవరూ చెప్పకుండానే అందరూ గడ్డి గీసి వాటిని దాచేశారు.

"తొట్టి కోయండి మేడం" అన్నారు. చార్టును మధ్యకు మడిచి గాటు కోసి మళ్ళీ పరిచాను. ఏనుగు తొట్టి చుట్టూ తిరిగి, తన తోకను తానే అందుకోబోతోంది. దానికి ఇంకా కన్ను లేదు.

"అవ్వ పెన్సిలు ఉంటే ఇయ్యండి, కన్ను దాంతో గీస్తాం" అన్నాడు తొండం గీసినవాడు. ఆ పొద్దున బ్యాగులోంచి తీసిన గుర్తుంది. చేతిలో లేదు. చాప కింద వెతికాను. బ్యాగు బోర్లించాను. కండె దొరికింది, రైలు పాసు దొరికింది, పెన్సిలు లేదు. పారేసుకున్నాను అనుకుని, ఖాళీ బ్యాగునే మళ్ళీ మళ్ళీ తడిమాను.

"మేడం" అంది పాప, నవ్వు ఆపుకుంటూ. "మీ కొప్పులో ఉండాది."

చెయ్యి వెనక్కి పెట్టి చూసుకున్నాను. ఉంది. ఎప్పుడు గుచ్చుకున్నానో నాకు తెలియదు. తీసి వాడికిచ్చాను. వాడు నాలుక బయటపెట్టి కన్ను గీయడం మొదలుపెట్టాడు. ఎలా వస్తుందో చూడాలని, అటు నలుగురు, ఇటు నలుగురు, మోకాళ్ళు అంచుకు ఆనించి, తలకాయలన్నీ తొట్టి మీదికి వంచారు.